వాకౌట్ బేస్‌మెంట్‌లో గదులు వేయించే ముందు: చెమ్మ, వెలుతురు, పైపులు

ప్రశ్న: మాది అమెరికాలో జార్జియా రాష్ట్రం, కమ్మింగ్ ఊరు. ఇల్లు కట్టి పదేళ్లయింది. బేస్‌మెంట్ 40 అడుగుల వెడల్పు, వీధి నుంచి పెరటికి 30 అడుగులు, కప్పు ఎత్తు 9 అడుగులు. వీధి వైపు గోడ పూర్తిగా మట్టిలో ఉంది. పెరటి వైపు నేల మట్టానికే బయటికి వెళ్లే తలుపు, మూడు కిటికీలు ఉన్నాయి, అంటే వాకౌట్ రకం. అత్తగారు, మామగారు ఏడాదిలో ఆరు నెలలు మా దగ్గరే ఉంటారు. వాళ్లకో పడకగది, బాత్‌రూమ్, పూజగది, చిన్న వంటగది, పిల్లలకు హోమ్ థియేటర్ వేయిద్దామని ఆలోచన. బాత్‌రూమ్ కోసం బిల్డర్ గచ్చులో పైపులు వదిలాడు. వీధి వైపు మూలలో వాన పడ్డాక నల్లటి మరక వస్తోంది. వాటర్‌ప్రూఫ్ పెయింటు కొడితే పోతుందని, లోపలి పనికి పర్మిట్ అక్కర్లేదని కాంట్రాక్టర్ అంటున్నాడు. నమ్మొచ్చా? ఇంత ఖర్చు పెడితే ఇంటి విలువ పెరుగుతుందా?

సమాధానం: ఆ రెండు మాటలూ నమ్మకండి. ఆయన తక్కిన పని బాగానే చేస్తాడేమో గానీ, ఆ మూల సంగతి తేలేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. డ్రైవాల్ (గోడకు బిగించే జిప్సం పలక) పడ్డాక దాని వెనక ఏం జరుగుతోందో బూజు వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

మరక గోడలోంచి వస్తోందా, గాలిలో తేమ వల్లా అన్నది ముందు తేల్చాలి. రెండడుగుల చదరం ప్లాస్టిక్ షీటు మరక మీద పెట్టి, నాలుగంచులూ గాలి చొరకుండా టేపు వేసి, వాన రోజులు చూసుకుని రెండు రోజులు వదిలేయండి. మీకు కనబడే వైపు తడి ఉంటే గాలిలోని తేమ చల్లటి కాంక్రీటు దగ్గర నీరవుతోందన్నమాట. గాలిలో తేమను లాగే యంత్రం, డీహ్యూమిడిఫైయర్‌తో పోతుంది. షీటు వెనక తడి ఉంటే నీరు గోడలోంచే వస్తోంది. వాన పడ్డాకే మరక వస్తోందన్నారు కాబట్టి ఇదే అయ్యుంటుంది. మరక అంచుల్లో తెల్లటి పొడి రాలుతుంటే అది కాంక్రీటులోని ఉప్పు. నీరు చాన్నాళ్లుగా ఆ దారిన వస్తోందని దానర్థం.

ఇక బయటికి వెళ్లి ఆ మూలనే డౌన్‌స్పౌట్ (పైకప్పు వాన నీటిని కిందికి దించే గొట్టం) ఎక్కడ దిగుతోందో చూడండి. పైకప్పు 1,200 చదరపు అడుగులే అనుకున్నా ఒక అంగుళం వానకు దాని మీద పడేది సుమారు 748 గ్యాలన్ల నీరు. నాలుగు మూలలకు సమానంగా పంచినా మీ మరక ఉన్న మూలకు 187 గ్యాలన్లు. అక్కడి ఎర్ర బంకమట్టి నీటిని తొందరగా ఇంకనివ్వదు. పునాది పక్కన తవ్వి పూడ్చిన మట్టి మాత్రం వదులుగా ఉండి ఏళ్ల తరబడి కుంగుతుంది. గోడ వెంబడే పళ్లెంలా గుంట పడి, దిగిన నీరంతా అక్కడే నిలుస్తుంది. పూలమొక్కల కోసం నేల మీద కప్పిన చెక్క పొట్టు (మల్చ్), దాని అంచు రాళ్లు ఆ నీటికి కట్ట కడతాయి.

డౌన్‌స్పౌట్ నీటిని 4 అంగుళాల నున్నటి పీవీసీ పైపుతో కనీసం 10 అడుగుల అవతలికి పంపండి. ముడతల నల్ల పైపు చవకే గానీ ఆకులతో పూడుకుపోతుంది, శుభ్రం చేయడమూ కష్టమే. గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలు దిగేలా మట్టి పోయించి వాటం తీయించండి. బయటి గోడకు తొడిగిన పలకల (సైడింగ్) కింది అంచుకూ మట్టికీ మధ్య 6 అంగుళాల ఖాళీ ఉండాలి, లేకపోతే చెదకు మీరే దారి వేసినట్టు. ఇదంతా అయ్యాక ఆ మూల దగ్గర హోస్ పైపుతో నేల మీద గంట సేపు నీళ్లు వదలండి. లోపల ఒకరు టార్చి పట్టుకుని నీరు మొదట ఎక్కడ కనబడుతుందో చూడాలి. సన్నటి నిలువు పగులులోంచో, కాంక్రీటు పోసినప్పుడు అచ్చు పలకలను పట్టి ఉంచిన టై కడ్డీ రంధ్రంలోంచో వస్తే లోపలి నుంచే పాలీయూరెథేన్ అనే జిగురును పగులులోకి ఎక్కించి మూయించొచ్చు. గోడా గచ్చూ కలిసే చోట ఊరుతుంటే పునాది చుట్టూ వేసిన డ్రెయిన్ పైపు పనిచేయడం లేదేమో చూడాలి. వాకౌట్ ఇళ్లకు ఉన్న సుఖం ఏమిటంటే, ఆ పైపు మూతి సాధారణంగా పెరటి వాలులోనే ఎక్కడో బయటికి వస్తుంది. గడ్డి కింద పూడిపోయి, వేళ్లు పట్టి ఉంటుంది, వెతికి తీయించండి. పగులు అడ్డంగా ఉన్నా, గోడ లోపలికి ఉబ్బినా అది కాంట్రాక్టర్ చూసే పని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి.

పెయింటు ఎందుకు నిలవదంటే, దాన్ని కొట్టేది లోపల, నీరు తోసేది వెనక నుంచి. కొన్నాళ్లకు పొలుసులుగా లేచిపోతుంది.

పెరటి తలుపును కూడా ఇదే కంటితో చూడండి. వాకౌట్ ఇళ్లలో ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. తలుపు బయటి కాంక్రీటు పాటియో అడుగుకు పావు అంగుళం చొప్పున ఇంటికి దూరంగా వాలాలి. కింద మట్టి కుంగి పాటియో ఇంటి వైపే వాలితే నీరు గడప కిందికి వస్తుంది. పైన డెక్ ఉంటే ఆ నీరు కూడా ఇక్కడే కారుతుంది. అలాంటప్పుడు పాటియో పలకను ఎత్తించడమో, గడప ముందు అడ్డంగా జాలీ మూత ఉన్న డ్రెయిన్ వేయించడమో చేయాలి. పెద్ద వానలు రెండుమూడు చూశాక, లోపల పొడిగా ఉంటేనే ఫ్రేమింగ్ (గోడల చెక్క చట్రం పని) మొదలుపెట్టండి.

ఆ వానల కోసం ఆగే రోజుల్లోనే రేడాన్ పరీక్ష చేయించండి. నేలలోంచి వచ్చే ఈ వాయువు అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత రెండో పెద్ద కారణం. లీటరుకు 4 పికోక్యూరీలు, అంతకు మించి వస్తే చర్య తీసుకోమని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. గచ్చుకు రంధ్రం చేసి పైపు, ఫ్యాను పెట్టడం ఇప్పుడైతే సులువు. గదులు పూర్తయ్యాకైతే ఆ పైపు పడకగది మూలలోంచి వెళ్తుంది.

పర్మిట్ సంగతి. గదులు వేయకుండా వదిలిన బేస్‌మెంట్‌ను నివాస గదులుగా మార్చడం ఫోర్సిత్ కౌంటీలో పర్మిట్ అవసరమైన పనే. సొంత ఇంటికి యజమాని కూడా తీసుకోవచ్చు. అయితే కాంట్రాక్టర్ మిమ్మల్ని తీసుకోమంటే ఎందుకో అడగండి. లైసెన్సు లేకపోవడమే చాలాసార్లు కారణం. జార్జియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైటులో లైసెన్సు వెతికితే దొరుకుతుంది. పర్మిట్ లేకుండా చేయించి, తర్వాత అమ్మేటప్పుడు బయటపడితే వైర్లు, పైపులు చూపించడానికి డ్రైవాల్ కోయాల్సి రావచ్చు.

ఇల్లు సెప్టిక్ ట్యాంకు మీద ఉంటే అన్నిటికన్నా ముందు కౌంటీ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ ఆఫీసుకు వెళ్లండి. ట్యాంకు, దాని నీరు ఇంకే డ్రెయిన్ ఫీల్డు పడకగదుల లెక్కన ఆమోదిస్తారు. నాలుగు గదులకు ఆమోదించిన ఇంట్లో ఐదోది కలపాలంటే వాళ్లు ఒప్పుకోవాలి. ఇది ముందు తేలకపోతే గీసిన ప్లానంతా వృథా. వంటగది గురించీ అప్పుడే అడగండి. సింకు, చిన్న ఫ్రిజ్, క్యాబినెట్లు ఉన్న వెట్ బార్ వేరు, స్టవ్‌తో పూర్తి వంటగది వేరు. రెండోదాన్ని కొన్నిచోట్ల వేరే కాపురంగా లెక్కేస్తారు. కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) నియమాలు కూడా చూడాలి.

ఇక ప్లాను. మీకున్న వెలుతురంతా పెరటి వైపు 40 అడుగుల గోడలోనే ఉంది. దాన్ని ఎవరికి ఎంత పంచుతారన్నదే అసలు ప్రశ్న. పడకగది తప్పనిసరిగా అక్కడే ఉండాలి. పెద్దవాళ్లకు పగటి వెలుతురు కావాలి, పైగా బిల్డింగ్ కోడ్ ప్రకారం పడకగదికి నేరుగా బయటపడే దారి ఉండాలి. కిటికీ అడుగు అంచు గచ్చు నుంచి 44 అంగుళాలు మించకూడదు. తెరిచినప్పుడు దొరికే సందు కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉంటూ, మొత్తం 5.7 చదరపు అడుగులు రావాలి. బయటి నేలకు దగ్గరగా ఉన్న కిటికీకి 5 చదరపు అడుగులు చాలు. ఇక్కడే చాలామంది మోసపోతారు. పైకీ కిందికీ జరిగే కిటికీలో తెరుచుకునేది సగమే. 20 అంగుళాలు, 24 అంగుళాలు మాత్రమే ఉంటే వచ్చేది 3.3 చదరపు అడుగులు, అది చాలదు. కొలవాల్సింది తెరిచాక మనిషి దూరే సందును, కిటికీ చట్రాన్ని కాదు.

పెరటి మూల కిటికీ దగ్గర 13 అడుగులు పడకగదికి ఇచ్చి, మిగిలిన 27 అడుగులు తలుపు, రెండు కిటికీలతో సహా హాలూ వంటచోటూ కలిపి ఒకే గదిగా వదలండి. అక్కడ అడ్డగోడలు పెడితే లోపలి సగం పగలే చీకటవుతుంది. థియేటర్ వీధి వైపు మూలకు పోవాలి. రెండు వైపులా మట్టి, వెలుతురు లేదు, శబ్దం బయటికి పోదు. ఆ మూల మరక ఉన్నదే అయితే, అది ఆరిందని రూఢి అయ్యాకే.

పూజగదికి ఈశాన్యం కుదిరితే సరే, కుదరకపోతే ముందు తల పైకెత్తి చూడండి. కప్పును మోసే చెక్క దూలాల (జాయిస్టుల) మధ్య కనబడే లావుపాటి తెల్ల పైపు పై అంతస్తు టాయ్‌లెట్‌దే అయ్యుంటుంది. దాని కింద దేవుణ్ణి పెట్టామని తర్వాత తెలిస్తే అత్తగారు ఊరుకోరు. డ్రైవాల్ పడితే అది కనబడదు కాబట్టి ఇప్పుడే సుద్దముక్కతో గచ్చు మీద గుర్తు వేసుకోండి. దీపం, సాంబ్రాణి పొగ అలారానికి నేరుగా తగలకుండా చూసుకోండి. అలారం మాత్రం తీసేయకూడదు. పడకగదిలో ఒకటి, బయట ఒకటి, పై అంతస్తులవాటితో కలిసి మోగేలా ఉండాలి. గ్యాస్ ఫర్నేస్ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా కావాలి.

బాత్‌రూమ్ ఎక్కడన్నది బిల్డర్ వదిలిన పైపులే నిర్ణయిస్తాయి. వాటిని కదపాలంటే గచ్చు కోసి, తవ్వి, మళ్లీ పోయాలి. టాయ్‌లెట్ పైపు మధ్య నుంచి పూర్తయిన వెనక గోడకు 12 అంగుళాలు, రెండు పక్కలా 15 అంగుళాల చొప్పున, ముందు 21 అంగుళాలు ఉన్నాయా చూడండి. ఇక్కడ పూర్తయిన గోడ అంటే డ్రైవాల్, టైల్ పడ్డాక. స్టడ్డు (గోడ లోపలి నిలువు చెక్క) నుంచి కొలిచి వేసి, చివర్లో టాయ్‌లెట్ ట్యాంకు గోడకు తగులుతోందని మొత్తుకునేవాళ్లు చాలామంది. మూత తీసి రెండు బకెట్ల నీళ్లు పోసి సాఫీగా పోతున్నాయా చూడండి. ఇల్లు కట్టేటప్పుడు కాంక్రీటు ముద్దలు లోపల పడి గట్టిపడ్డ సందర్భాలుంటాయి. మురుగు లైను గచ్చు కన్నా ఎత్తులో బయటికి పోతుంటే మురుగును పైకి తోసే ఎజెక్టర్ పంపు కావాలి. వాకౌట్ ఇళ్లలో చాలావరకు ఆ అవసరం రాదు.

పెద్దవాళ్ల కోసం షవర్‌కు గట్టు లేకుండా చేయించాలంటే ఆ మేరకు గచ్చు తగ్గించాలి. డ్రెయిన్ 2 అంగుళాల పైపు. తలుపు 36 అంగుళాలది పెట్టండి. గోడ తెరిచి ఉన్నప్పుడే టాయ్‌లెట్ పక్కన, షవర్‌లో, గచ్చు నుంచి 33–36 అంగుళాల ఎత్తులో స్టడ్ల మధ్య 2×8 చెక్క బిగిస్తే పట్టుకునే రాడ్లు ఎప్పుడైనా బిగించుకోవచ్చు. టాయ్‌లెట్ పక్కన ఒక ప్లగ్గు పాయింటు కూడా వేయించండి, వేడినీళ్ల బిడే సీటు ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది కొంటారు. ఎగ్జాస్ట్ ఫ్యాను గొట్టం ఇంటి బయటికి పోవాలి, కప్పు లోపల వదిలేయకూడదు.

గోడల దగ్గరే డబ్బు ఆదా చేద్దామనే బుద్ధి పుడుతుంది, చెడేదీ అక్కడే. కాంక్రీటుకు ఆనించి నేరుగా చెక్క స్టడ్లు, వాటి మధ్య దూది లాంటి ఫైబర్‌గ్లాస్, పైన ప్లాస్టిక్ షీటు — ఈ వరస వద్దు. గదిలో తేమ ఫైబర్‌గ్లాస్‌లోంచి పోయి చల్లటి కాంక్రీటుకు తగిలి నీరవుతుంది, కాంక్రీటులోంచి వచ్చిన తేమ ప్లాస్టిక్‌కు తగిలి ఆగిపోతుంది. మధ్యలో చెక్క నానుతుంది. ముందు 2 అంగుళాల ఎక్స్‌పీఎస్ ఫోమ్ బోర్డును (థర్మోకోల్ లాంటి గట్టి పలకను), ఫోమ్‌ను కరిగించని జిగురుతో కాంక్రీటుకు అంటించి, అతుకులకు టేపు, అంచులకు స్ప్రే ఫోమ్ వేయాలి. దీంతోనే ఆర్-10 (వేడిని అడ్డుకునే శక్తికి కొలత) వస్తుంది. దాని ముందు 2×4 ఫ్రేము, 16 అంగుళాలకు ఒక స్టడ్డు. గచ్చు మీద ఆనే అడుగు చెక్క ప్రెషర్ ట్రీటెడ్‌ది కావాలి, దానికి వాడే మేకులు, స్క్రూలు గాల్వనైజ్డ్ కావాలి, మామూలువి తుప్పు పడతాయి. ఫోమ్, స్టడ్డు, అర అంగుళం డ్రైవాల్ కలిపి ప్రతి కాంక్రీటు గోడ దగ్గరా 6 అంగుళాలు పోతుంది, ప్లానులో లెక్కేసుకోండి. ఫోమ్‌ను తెరిచి వదలకూడదు, మంటలో ప్రమాదం కాబట్టి డ్రైవాల్ కప్పాలి.

పక్క గోడలు వీధి నుంచి పెరటికి మెట్లు మెట్లుగా దిగుతాయి. కింద కాంక్రీటు, పైన చెక్క ఫ్రేము, మధ్య ఓ గట్టు. ఆ గట్టు మీదికి గోడను వంచే కన్నా ముందు నుంచి నిటారుగా ఒకే గోడ లేపడం తేలిక. అప్పుడు వెనక మిగిలే ఖాళీ మంటకు పొగగొట్టంగా మారకుండా కప్పు దగ్గరా, గోడ పొడవునా ప్రతి 10 అడుగులకు ఒకటి నిలువుగానూ, మంటను ఆపే అడ్డుకట్టలు (ఫైర్‌బ్లాకింగ్) పెట్టాలి. ఫ్రేమింగ్ ఇన్‌స్పెక్షన్‌లో తరచు తప్పేది దీనివల్లే. ఫోమ్ వేసే ముందు టెర్మైట్ బాండ్ (చెదల నుంచి రక్షణకు ఒప్పందం) ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేయండి. గోడ పైన తనిఖీకి ఖాళీ పట్టీ వదలమంటారు, లేకపోతే బాండు చెల్లదని రాసుకున్నవాళ్లూ ఉంటారు.

ఫర్నేస్, వాటర్ హీటర్ ఉన్నచోట చుట్టూ గోడలు కట్టి తలుపు పెట్టేముందు ఒక లెక్క ఉంది. గదిలోని గాలినే పీల్చే గ్యాస్ యంత్రాలకు గంటకు కాల్చే ప్రతి 1,000 బీటీయూకు (వేడికి కొలత) 50 ఘనపుటడుగుల గాలి కావాలి. ఫర్నేస్ 80,000, హీటర్ 40,000 అయితే మొత్తం 6,000 ఘనపుటడుగులు. 9 అడుగుల ఎత్తులో అది 667 చదరపు అడుగుల గది, అంటే మీ బేస్‌మెంట్‌లో సగానికి పైన. అంత గది ఎవరూ ఇవ్వరు కాబట్టి పక్క పెద్ద గదిలోకి గోడలో పైన ఒకటి, కింద ఒకటి జాలీలు పెడతారు, ఒక్కోదానికి 120 చదరపు అంగుళాల నికర ఖాళీ ఉండాలి. బయటి గాలిని పైపుతో తెచ్చుకునే రకమైతే ఈ గొడవ లేదు. ఎలక్ట్రికల్ ప్యానెల్ ముందు 30 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల లోతు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. నీటి మెయిన్ వాల్వు, డ్రెయిన్ క్లీనౌట్ల మీద మూత ఉన్న పలక పెట్టించండి, డ్రైవాల్‌తో పూడ్చేయకండి.

పాత డక్టుకు రెండు కన్నాలు పెట్టి ఏసీ అయిందనిపించడం ఆ కాంట్రాక్టర్ కోట్‌లో ఉండే ఉంటుంది. ఒప్పుకోవద్దు. ఎండాకాలం కింద చల్లగానే ఉంటుంది, థర్మోస్టాట్ పైన ఉంటుంది, కింద తేమ మిగిలిపోతుంది. కిందికి సొంత థర్మోస్టాట్‌తో వేరే జోన్, తిరిగి గాలి పీల్చే రిటర్న్ కావాలి, లేదా మినీ స్ప్లిట్. దాంతో పాటు నీటిని నేరుగా డ్రెయిన్‌లోకి వదిలే డీహ్యూమిడిఫైయర్, తేమ 50 శాతం దాటకుండా. తాలింపు వేసే వంటచోటుకు చిమ్నీ గొట్టం బయటికే పోవాలి. అది లాగే గాలి 400 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) దాటితే అంత గాలి తిరిగి లోపలికి వచ్చే ఏర్పాటు లేకపోతే గ్యాస్ హీటర్ పొగను గదిలోకి లాగే ప్రమాదం ఉంది.

గచ్చు మీద కార్పెట్ కన్నా వినైల్ పలకలు మేలు. టైల్ వేయిస్తే గచ్చు పగుళ్ల మీద, పగులు టైల్‌కు పాకకుండా ఆపే పొర (అన్‌కప్లింగ్ మెంబ్రేన్) అడగండి. డ్రైవాల్ కింది అంచు గచ్చుకు అర అంగుళం పైన ఉండాలి.

కోట్‌ను సరిచూసుకోవడానికి స్థూల లెక్క: మూడు వైపులా కొత్త గోడ 100 అడుగులు, లోపలి అడ్డగోడలు 110 అనుకుంటే 210 అడుగులకు సుమారు 210 స్టడ్లు, 16 అడుగుల ట్రీటెడ్ చెక్కలు 14. 9 అడుగుల గోడకు 54 అంగుళాల వెడల్పు డ్రైవాల్ అడగండి, అడ్డంగా రెండు వరసలతో సరిపోతుంది, అతుకు ఒక్కటే. గోడలకు 12 అడుగుల పలకలు 66, కప్పుకు 4×12 అడుగుల పలకలు 28 దాకా పడతాయి, వృథాతో కలిపి. వాటిని పెరటి తలుపులోంచి నేరుగా తేవచ్చు, మెట్ల మీద మోయక్కర్లేదు, కాబట్టి మోత కూలి ఎక్కువ వేస్తే ప్రశ్నించండి.

చెల్లింపులు రోజుల లెక్కన కాకుండా ఇన్‌స్పెక్షన్ పాసయిన మెట్లను బట్టి పెట్టుకోండి. గోడలు మూసేముందు జరిగే రఫ్ ఇన్‌స్పెక్షన్ అయ్యాక, ఇన్సులేషన్ అయ్యాక, ఫైనల్ అయ్యాక. పదోవంతు ఫైనల్ దాకా ఆపి, సబ్ కాంట్రాక్టర్ల లీన్ వేవర్లు (బాకీ పేరుతో మీ ఇంటి మీద హక్కు అడగమని రాసిచ్చే కాగితాలు) తీసుకున్నాకే ఇవ్వండి. డ్రైవాల్ వేసే ముందు రోజు ప్రతి గోడనూ, కప్పునూ టేపు పట్టి ఫోటోలు తీసుకోండి.

విలువ సంగతి: ఏ కొంచెం మట్టిలో ఉన్నా ఆ అంతస్తు మొత్తాన్ని, ఇంటి రుణాలు కొనే సంస్థ ఫ్యానీ మే పద్ధతిలో భూమి కిందిదిగానే లెక్కేస్తారు, పెరటి వైపు ఎంత తెరిచి ఉన్నా సరే. ఇంటికి విలువ కట్టే అప్రైజల్‌లో మీ 1,200 చదరపు అడుగులు పై అంతస్తుల విస్తీర్ణంలో కలవవు, వేరే వరసలో, తక్కువ రేటుకు చూపిస్తారు. పెట్టిన ప్రతి డాలరూ తిరిగి వస్తుందని మాత్రం చేయించకండి. పర్మిట్ కాగితాలు ఉంటే కొనేవాళ్లు బేరంలో దాన్ని గదులుగా చూస్తారు, లేకపోతే రిపేరు ఖర్చుగా చూస్తారు.